ముక్త్యాల రేవు దాటని మిరప నారు

"వత్సవాయి నించి అచ్చంపేట పోయొచ్చి దానికో యాత్ర రాస్తావా? ఏం, కాశీయా రామేశ్వరమా?" అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు. కాశీకి రైలెక్కి కూర్చుంటే అదే తీసుకుపోయి దించుతుంది. నేను పోయింది ప్రాణమున్న సరుకుతో. సరుకు వెంట పోయే మనిషికి రోడ్డు, నది, వంతెన, పోలీసు, గాలి, ఎండ అన్నీ వేరేగా కనపడతాయని ఈ ప్రయాణం దాకా నాకూ తెలీదు. మీలో ఎవరూ అలా పోయుండరు గనక రాస్తున్నా.

మాది మిరప నర్సరీ. వత్సవాయి శివార్లో ఆకుపచ్చ నెట్టు కింద, ప్లాస్టిక్ ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి, గుంటకో గింజ వేసి నారు పెంచి అమ్ముతాం. ఇన్నేళ్ళూ నారుని బండెక్కించి "జాగ్రత్త బాబూ" అని చెయ్యూపటమే గానీ, అది ఎట్లా పోతుందో ఎన్నడూ పట్టించుకోలా. ఈసారి కదిలింది మరియమ్మ కోసం.

మరియమ్మ కృష్ణకి అవతల, అచ్చంపేట దగ్గర పల్లెలో కౌలుకి మిరప వేస్తుంది. మొగుడు తాపీ పనికి హైదరాబాదులో ఉంటాడు, చేను మొత్తం ఈవిడ నెత్తి మీదే. తను సొంతంగా పోసుకున్న నారుమడి వానలకి కుళ్ళిపోయింది. ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, చేను దున్ని సాళ్ళు తోలి పెట్టా. కౌలు ముందే కట్టేసా. నాట్ల ముఠా రెండు రోజులే ఖాళీ అంటన్నారు, తర్వాత వేరే ఊరు పోతారంట. అదును పోయిందంటే ఈ ఏడు చేను బీడే. మేం తినేది ఏందక్కా?"

"ఏడవకు. నారు నేనే తీసుకొచ్చి నీ చేతుల్లో పెడతా" అన్నా. నోటికొచ్చింది, అనేసా. అన్నాక ఇక పోకుండా ఎట్లా?

జగ్గయ్యపేట, ఇడ్లీ కొట్టు

బండి నాగుల్ మీరాది. మినీ లారీ, తనే ఓనరు, తనే డ్రైవరు. వెనక చెక్క పలకలతో అరలు కట్టాడు. అరల్లో ట్రేలు పేర్చి, పైన నెట్టు కప్పాం. నారుకి ఎండ తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి. బయల్దేరే ముందు పైపు పెట్టి ట్రేలన్నీ కొబ్బరి పొట్టు ఉబ్బేదాకా తడిపించా.

"చాలమ్మగారూ, టైర్లు కూర్చుంటున్నయ్" అన్నాడు మీరా.

"నారు సంగతి నాకు తెలుసు, టైర్ల సంగతి నువ్వు చూసుకో" అన్నా. నా నోరు అంతే, ముందు వాగుతుంది, తర్వాత ఆలోచిస్తుంది.

తెల్లారేసరికి జగ్గయ్యపేటలో ఉన్నాం. అక్కడ ఓ కొట్లో ఇడ్లీ మీద నెయ్యి పోసి, ఎర్రగా కారప్పొడి చల్లి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. మా ఊళ్ళో ఇరవయ్యే గానీ ఆ నెయ్యి మా ఊళ్ళో ఎవడు పోస్తాడు? పక్క బల్ల మీద సిమెంటు లారీ డ్రైవరొకాయన కూర్చున్నాడు. మాటల్లో పెడితే కబుర్లు బాగా చెప్పాడు. "సిమెంటుకేవమ్మా, రాజాలా పోతుంది. దూరమైతే రైలెక్కుతుంది, దగ్గరైతే లారీ, అవతలి గట్టుకైతే బల్లకట్టు. పది రోజులు ఆగినా దానికేం కాదు. మీ సరుకే పాపం, పసిబిడ్డ."

చెయ్యి కడుక్కుంటూ ఇంకో మాటన్నాడు. "రేవులో బల్లకట్టు ఆగిందంటన్నారు. కనుక్కుని పోండి."

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేసా. మీరా రేవుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలా. "ఎత్తట్లేదంటే పనిలో ఉన్నారేమో, అంటే నడుస్తున్నట్టే" అని నాకు నేనే సర్దిచెప్పుకుని బండెక్కా.

ముక్త్యాల రేవు

బల్లకట్టు చూడని వాళ్ళకి చెబుతా. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, ఇంజను పడవతో లాగుతారు. దాని మీద మోటారు సైకిళ్ళు, కార్లు, లారీలు కూడా ఎక్కుతాయి. ఈ గట్టున ముక్త్యాల, ఆ గట్టున మాదిపాడు. మధ్యలో కృష్ణ. దాటితే మరియమ్మ చేను కూతవేటు దూరం. దాటకపోతే నందిగామ మీదుగా బెజవాడ పోయి, వారధి దాటి, గుంటూరు, సత్తెనపల్లి చుట్టుకుని, ఎదురుగా కనపడే ఆ గట్టుకే రావాలి.

బల్లకట్టు గట్టుకి కట్టేసి ఉంది. ముందు ఎర్రగుడ్డ. నది గోధుమరంగులో, సుడులు తిరుగుతూ పోతోంది. సరంగు, అంటే బల్లకట్టు నడిపే ఆయన, తాటాకు పాక కింద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"పులిచింతల డ్యాములో గేట్లెత్తారండి. రెవెన్యూ వాళ్ళొచ్చి ఆపించేసారు" అన్నాడు.

"ఎంతసేపు ఆపుతారు?"

"అది నన్నడిగితే ఎట్లా తల్లీ? పైన వానల్నడగాలి."

అప్పుడే ఫోన్ మోగింది. మరియమ్మ. "అక్కా, నేను మాదిపాడు రేవులో ఉన్నా. ట్రాక్టరు తీసుకొచ్చా. ఆకుపచ్చ నెట్టు కప్పిన బండి నీదేనా? నాకు కనపడతందక్కా!"

కళ్ళు చికిలించి చూసా. అవతలి గట్టు మీద ఎర్రగా చుక్కంత మనిషి, చెయ్యూపుతోంది. నేనూ ఊపా. ఏడుపొచ్చింది. ఇంత దగ్గర, ఏం లాభం? "మరియమ్మా, బల్లకట్టు ఆపేసారే" అన్నా. అవతల ఊపుతున్న చెయ్యి కిందకి దిగింది.

కాచుకున్నాం. ఎండ ఎక్కింది. వానలు పోయిన మర్నాటి ఎండ, చర్మం ఒలిచేస్తుంది. నెట్టు ఎత్తి చూస్తే పై అరలో ఆకులు కొద్దిగా వేలాడుతున్నాయి. బిందెలడిగి తెచ్చి, నేనూ మీరా నది నీళ్ళు మోసి మళ్ళీ ట్రేలన్నీ తడిపాం. నా చీర మోకాళ్ళ దాకా బురదే.

ఇంతలో చేపల పడవ మనిషొకడు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నాలుగు తడవల్లో దాటించేస్తానమ్మా. ఎవరికీ తెలవదు." నిజం చెప్తున్నా, నా కాళ్ళు ముందుకే నడిచినయ్. అవతల ఆ ఎర్రచుక్క ఇంకా నిలబడే ఉంది. నాలుగు ట్రేలు పడవలో పెట్టాం కూడా. నేనూ ఎక్కబోతుంటే పడవ ఒక్క ఊపు ఊగి పక్కకి కొట్టుకుపోబోయింది. కట్టిన తాడు గనక తెగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

సరంగు చుట్ట పారేసి పరిగెత్తుకొచ్చాడు. పడవ మనిషిని నానా తిట్లూ తిట్టి, నా వైపు తిరిగాడు. "నా రేవులో శవాల్ని వెతికే పని నాకు పెట్టమాక తల్లీ. నారు పోతే మళ్ళీ పోసుకుంటారు. మనిషిని ఏ నర్సరీలో పెంచుతారు?"

నోరు మూసుకుని ట్రేలు దించా.

మరియమ్మకి ఫోన్ చేసా. "చుట్టూ తిరిగి వస్తున్నా. ముఠాని పోనివ్వకు."

"ఈ రోజు పోయినట్టేగా అక్కా? రేపొక్కటే ఉంది."

"రేపు చాలు" అన్నా. చాలుతుందో లేదో నాకేం తెలుసు?

నందిగామ కాటా

వెనక్కి జగ్గయ్యపేట వచ్చి హైవే ఎక్కాం. నందిగామ అంటే మాకు కోర్టు పనులకీ, కాలేజీ ఫీజులకీ వచ్చే ఊరు. ఎప్పుడొచ్చినా సెంటర్లో వేడి పునుగులు తినకుండా పోను. ఆరోజు పునుగుల బండి పక్కనించే పోయాం, వాసన కూడా పట్టించుకోలేదు.

ఊరి మొదట్లో బ్రేకినిస్పెక్టరు చెయ్యెత్తాడు. నడివయసు మనిషి, పొడి మాటలు. మీరా కాగితాలన్నీ చూపించాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇనిస్పెక్టరు కాగితాలు తిరిగిచ్చేసి, వంగి బండి కిందకి చూసాడు.

"నీళ్ళు కారుతున్నాయేంటి?"

"నారుకి పోసామండి" అన్నా గర్వంగా.

ఆయన టైర్ల చుట్టూ ఓసారి తిరిగాడు. "కాటాకి పదండి" అన్నాడు.

కాటా వేయించారు. బరువు పరిమితి దాటింది. కాస్తో కూస్తో కాదు, బాగా దాటింది. మీరా టైర్ల వైపు వేలు చూపించాడు. పొద్దున అతను చెప్పింది అదే. ఎండు కొబ్బరి పొట్టు దూదిలా ఉంటుంది, తడిస్తే ఇటుకే. ఆ ఇటుకల మీద రేవులో ఇంకోసారి నీళ్ళు పోసింది నేనే. నర్సరీ దాన్ని గనక మొక్కని చూసా, మొక్క కింద బరువుని చూడలా. లారీ వాళ్ళెవరూ ఇట్లాంటి తప్పు చెయ్యరు.

"అవి వట్టి నీళ్ళేనండి, సాయంత్రానికి ఆరిపోతయ్" అన్నా.

"అయితే ఆరాకే పోండమ్మా."

"ఆరితే నారు చస్తుందండీ!"

"బ్రేకు పట్టకపోతే మనుషులు చస్తారు" అన్నాడాయన, గొంతు పెంచకుండా. "ఎంత మొయ్యొచ్చో బండి తలుపు మీదే రాసుంది. ఎక్కువైంది దించేదాకా బండి కదలటానికి లేదు. జరిమానా ఎటూ తప్పదు."

నేను ఊరుకున్నానా? మరియమ్మ కథంతా చెప్పా. రేవు సంగతి చెప్పా. గట్టిగానే అరిచా. కాటా దగ్గర నలుగురూ పోగయ్యారు. ఆయన అంతా విన్నాడు. "దించిన సరుకుతో నాకు పేచీ లేదు. ఇంకో బండిలో వేసుకుపోండి. అది మాత్రం పసుపు నెంబరు ప్లేటు బండి అయ్యుండాలి. తెల్ల ప్లేటు బండిలో కిరాయికి వేస్తే దాన్నీ ఆపుతా" అని వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో చెప్పను. తప్పు నాదని తెలిసినా తిట్టుకున్నా.

జరిమానా కట్టి, కాటా షెడ్డులో కింది అర ట్రేలు దించి బండి వెతుకులాటకి బయల్దేరా. లారీ ఆఫీసుకి పోతే, "ఫుల్ లోడైతే చెప్పండి. ఈ కాస్త సరుక్కి బండెవడు తిప్పుతాడు?" అన్నారు. పార్సిలు ఆఫీసుకి పోతే, "మొక్కలు తీసుకోం, దారిలో చస్తే మా మీదకొస్తారు" అన్నారు. ఓ రైతు ట్రాక్టరిస్తానన్నాడు, పాపం మంచివాడు, గానీ ట్రాక్టరు మీద అంత దూరం ఎప్పటికి చేరేను? పైగా అదీ కిరాయికి తోలకూడదట. బస్టాండులో గుంటూరు బస్సు కండక్టర్ని బతిమాలా. ఆవిడ ట్రేల లెక్క విని, "ఇది లగేజీ కాదండీ, తోట. ఎక్కడ పెట్టమంటారు, నా ఒళ్ళోనా?" అంది. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలా.

పొద్దుగూకింది. నందిగామలో చుట్టాలున్నారు, పోతే అన్నం పెట్టి పరుపేస్తారు. నారుని వదిలి కదలబుద్ధి కాలేదు. ఆ పూట కాటా గది బల్ల మీదే పడుకున్నా.

కోళ్ళ బండి

తెల్లారేసరికి ఆకాశం మబ్బేసుకుంది. మెట్ట ప్రాంతంలో కాపరం చేసేదాన్ని, వాన కోసం ఎన్ని మొక్కులు మొక్కానో. ఆ పొద్దున మాత్రం, దేవుడా, ఒక్క చుక్క పడనివ్వకు, మళ్ళీ బరువెక్కుతుంది అని దణ్ణం పెట్టుకున్నా.

టీ కొట్టు దగ్గర ఓ బండాగింది. వాసన ముందొచ్చింది, బండి తర్వాతొచ్చింది. బ్రాయిలర్ కోళ్ళు తోలే బండి. లోపలంతా అరలు అరలుగా ఇనుప జాలీ గూళ్ళు. కోళ్ళు లేవు, ఈకలున్నాయి. నేను చూసింది ఆ అరలే. పరిగెత్తా.

డ్రైవరు పేరు ఏసోబు. సత్తెనపల్లి మనిషి. "నందిగామలో కోళ్ళు దింపి ఖాళీగా పోతన్నానమ్మా" అన్నాడు. ఖాళీగా! ఆ మాట విని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయా.

"మొక్కలా? ఇందులోనా?" ఏసోబు తల గోక్కున్నాడు. "కోళ్ళు తప్ప ఇందులో ఏదీ ఎక్కలేదమ్మా. అదీ కాళ్ళు కట్టేసి."

"ఇవి అరవవు, రెట్టెయ్యవు. ఇంకేం కావాలి నీకు?"

నవ్వేసి ఒప్పుకున్నాడు. పైపు పెట్టి గూళ్ళన్నీ కడిగించా. ట్రేలు పెడితే గూళ్ళలో కొలిచినట్టు పట్టినయ్. ఇనిస్పెక్టరు డ్యూటీకొచ్చి అదంతా చూసాడు. ఏసోబు నెంబరు ప్లేటు పసుపే. కాగితాలు చూసాడు. జాలీలో వరసగా నిలబడ్డ మిరప మొక్కల్ని చూసి మొదటిసారి పెదవి కదిపాడు.

"కోళ్ళ బండిలో మొక్కలెక్కించకూడదని నాకు తెలిసి ఎక్కడా లేదు. పోండి, పోండి."

మీరా బండి మళ్ళీ కాటా ఎక్కింది. ముల్లు పరిమితి లోపలే ఆగింది. ముందు మీరా, వెనక ఏసోబు. నేను కోళ్ళ బండిలో కూర్చున్నా, కొత్త బండిని నమ్మబుద్ధి కాక. ఆ వాసన వారం రోజులు నా తలలోంచి పోలేదంటే నమ్మండి.

వారధి దాటాక

కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, బెజవాడ. అద్దంలోంచి అస్తమానం వెనక్కి చూస్తూనే ఉన్నా. వారధి మీద నించి కృష్ణని చూసా. నిన్న నన్ను ఆపిన నీళ్ళే కాళ్ళ కింద పోతున్నాయి. మామూలప్పుడైతే నాణెం వేసి దణ్ణం పెట్టేదాన్ని. ఆరోజు కోపంగా చూసా.

మంగళగిరి దగ్గర ఎందుకో అనుమానమొచ్చి ఆపించా. బండి వేగానికి జాలీల్లోంచి గాలి కొట్టి కొట్టి, పక్కనున్న మొక్కలన్నీ తలలు వాల్చేసినయ్. మీరా బండిలో పరిస్థితీ అంతే, అక్కడ ఉక్కకి వడిలినయ్. ఒక బండిలో గాలెక్కువ, ఒక బండిలో గాలి తక్కువ. ఏ దేవుడికి మొక్కను?

"గోనెపట్టాలు తడిపి కట్టనా?" అన్నాడు మీరా.

తడపటం అన్న మాటకే ఒళ్ళు జలదరించింది. మార్చుకోటానికి తెచ్చుకున్న నా చీరలు రెండూ తీసి, గాలి కొట్టే వైపు జాలీకి అడ్డంగా కట్టాం. ఒకటి మంచి మంగళగిరి చీర. మంగళగిరిలోనే కోళ్ళ బండికి కట్టా దాన్ని. చేత్తో నీళ్ళు చిలకరించామంతే.

మరియమ్మ ఫోను మీద ఫోను. "ముఠా పెద్ద నాగమ్మత్త పొద్దుట్నించి కూర్చోనే ఉందక్కా. ఇంకో ఊరోళ్ళు ఆటో పంపుతామంటన్నారంట. ఎంతసేపని ఆపను?"

"సత్తెనపల్లి వచ్చేసాం" అని అబద్ధం చెప్పా. అప్పటికి గుంటూరు దాటామో లేదో.

సత్తెనపల్లిలో నిజంగా ఆగినప్పుడు ఏసోబు భోజనం పొట్లాలు తెచ్చాడు. పల్నాడు వాళ్ళ కారం సంగతి వినటమే గానీ తినటం అదే మొదలు. మా వైపు గోంగూర పచ్చడిలో పండుమిరప కాస్త వేస్తారు, వీళ్ళు మిరపకాయల్లో గోంగూర కాస్త వేస్తారు. కళ్ళెంట నీళ్ళు కారినయ్. అందులో కారం ఎంతో, దిగులెంతో నాకే తెలీదు.

అచ్చంపేట, చేను

ఎండ వాలేవేళకి చేరాం. నల్లరేగడి చేను, దారం పట్టినట్టు సాళ్ళు. గట్టున పన్నెండు పదమూడు మంది ఆడవాళ్ళు. ఎర్ర చీర కట్టుకున్న బక్క మనిషి బండికి ఎదురు పరిగెత్తుకొచ్చింది. ఫోన్లో తప్ప ఎన్నడూ చూడని మరియమ్మ. నన్ను పట్టుకుంది, వెంటనే వదిలేసి వెనక్కి పోయి నారు చూసింది.

ఆ మొహం ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

నారంతా వడిలి ఉంది. ఆకులు వేలాడి, కాడలు మెత్తబడి. నాగమ్మ, నెత్తికి తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ, ఓ మొక్క తీసి వేర్లు చూసి, ఆకు నలిపి చూసింది.

"పెట్టినా నిలవదు మరియమ్మా. మా కూలి దండగ, నీ చాకిరీ దండగ."

"వేరు తెల్లగా ఉందండీ" అన్నా నేను. "దారిలో వడిలింది గానీ చావలా. రాత్రి చల్లదనానికి లేస్తుంది."

"నీ సరుకు నువ్వు చెడ్డదంటావా?" అంది నాగమ్మ మొహం మీదే. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడ అనటంలో తప్పేముంది?

మరియమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సగం పెట్టండత్తా" అంది చివరికి. "సగం పెడదాం. తెల్లారి లేచి ఉంటే మిగతా సగం పెట్టండి. లేకపోతే..."

నాగమ్మ ఆలోచించింది. "తెల్లారి ఆ ఊరోళ్ళ ఆటో ఇక్కడికే వస్తది. నారు నిలబడితే దిగి ఇంకో రోజు ఆగుతాం. లేకపోతే అదే ఆటోలో పోతాం. తర్వాత నన్నేం అనమాక."

మా వైపు మొదటి మొక్క ఇంటి ఆడమనిషి చేత పసుపు రాయించి పెట్టిస్తారు. ఇక్కడ మరియమ్మ కొంగు నెత్తిన వేసుకుని, చేలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. ముఠాలో సగం మంది హిందువులు, వాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రార్థన అయ్యాక నాగమ్మ మట్టి కళ్ళకద్దుకుని మొదటి మొక్క పెట్టింది. నేనూ వంగి పెట్టా. ఏళ్ళుగా లక్షల మొక్కలు అమ్మా, సొంత చేత్తో చేలో నాటింది తక్కువే. నడుం పట్టేసింది.

మీరా, ఏసోబు బండ్లు తిప్పుకుని వెళ్ళిపోయారు. ఏసోబు కిరాయి కాస్త తగ్గించుకున్నాడు కూడా. మిగిలిన ట్రేలు మరియమ్మ పశువుల కొట్టం చూరు కింద పెట్టుకున్నాం. ఎండుచేపల పులుసు వండింది. ఇద్దరం కంచాలు తెచ్చుకుని ఆ ట్రేల పక్కనే కూర్చుని తిన్నాం.

తెల్లారి

వెలుగు రాకముందే ఇద్దరం చేనుకి నడిచాం. రోడ్డు మీద అప్పటికే ముఠా ఆటో వచ్చి ఉంది, ఇంజను ఆపలేదు. ఆడవాళ్ళు లోపల కూర్చుని ఇటే చూస్తున్నారు.

మరియమ్మ గట్టెక్కి, చేనుకి వీపు పెట్టి నిలబడింది.

"నేను చూడలేనక్కా. నువ్వే దిగి చూడు. ఏదైనా సరే చెప్పు."

దిగా. కాలవ పక్క సాళ్ళు చూసా. కోళ్ళ బండిలో వచ్చిన నారు అది. ఒక్కో మొక్కా మెడ నిలబెట్టి ఉంది. నమ్మకం కలగక వంగి, ఆకు వెనక వేలు పెట్టి చూసా. గట్టిగా, చల్లగా ఉంది. అవతలి సాళ్ళకి పరిగెత్తా. అక్కడ ఓ మూల కొన్ని పడిపోయినయ్, నిజమే. మిగతా చేనంతా లేచి నిలబడింది.

అరిచి చెబుదామని నోరు తెరిచా. రేవు దగ్గర్నించి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చి, అక్కడే, ఆ సాళ్ళ మధ్యలో నిలబడి భోరుమని ఏడ్చేసా.

గట్టు మీద మరియమ్మ అది వింది. అట్లాగే కూలబడిపోయింది. "పోయిందా అక్కా? అంతా పోయిందా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల అడ్డంగా ఊపుతున్నా. వీపు తిప్పుకున్న మనిషికి ఎట్లా కనపడుతుంది? పరిగెత్తుకెళ్ళి, భుజాలు పట్టుకుని, బలవంతాన చేను వైపు తిప్పా.

చూసింది. కదలకుండా చూసింది. ఆ తర్వాత నా భుజం మీద ఒక్కటి కొట్టింది.

"నారు నిలబడితే ఏడుస్తావా నువ్వు! చస్తే ఇంకేం చేసేదానివే!" అంటూ తనూ ఏడుస్తూ, నవ్వుతూ, రోడ్డు వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది.

"నాగమ్మత్తా! ఆటో ఆపమను! దిగండి, అందరూ దిగండి!"